నల్గొండ ఆయకట్టుకు కొత్త సన్న వరి రకం: సంకరం నుంచి విడుదల దాకా

మిర్యాలగూడ చుట్టుపక్కల యాసంగి వడ్లు కొనే దగ్గర ముందుగా వచ్చే ప్రశ్న ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయని కాదు, మర పట్టిస్తే నూక ఎంత పోతుందని. బాగా పండిన రకం కూడా ఆ ఒక్క ప్రశ్న దగ్గర ధర కోల్పోతుంది. అందుకే ఈ ప్రాంతానికి కొత్త వరి రకం తయారు చేయాలనుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇది: మిల్లు పరీక్షను చివరికి వాయిదా వేయకండి. పదేళ్ల పనిలో సగం దారిలోనే అది జరగాలి.

వ్యవసాయ కళాశాల విద్యార్థులు, విత్తనోత్పత్తి చేసే రైతు సంఘాలు, సొంతంగా ఎంపిక చేసుకునే ఆసక్తి ఉన్న రైతులు చదివి వాడుకునేలా దీన్ని రాస్తున్నాను. రకం తయారీ అంటే రెండు మొక్కలను కలపడమే అని చాలామంది అనుకుంటారు. కలపడం కొన్ని వారాల పని. మిగిలిన ఏళ్లన్నీ పక్కన పెట్టి పోల్చడానికి, పనికిరానిదాన్ని తీసేయడానికే పోతాయి.

మొదటి అడుగు: ఎలాంటి రకం కావాలో రాసి పెట్టుకోండి

"మంచి దిగుబడి, తెగుళ్లు తట్టుకోవాలి" అని రాస్తే ఏమీ రాయనట్టే. ఏ నేల, ఏ నీళ్లు, ఏ కాలం, ఎవరు కొంటారు అనేవి తేలాలి.

సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలంలో ఎక్కువగా కనిపించే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, సుమారు 150 రోజుల పంట. బాపట్లలో తయారై 1986లో విడుదలైంది. తినడానికి ఇప్పటికీ దానికి సాటి లేదనే ఇంటివాళ్లు చాలామంది ఉన్నారు. కానీ అగ్గితెగులు, దోమపోటు, ఎండాకు తెగులు మూడింటికీ అది లొంగిపోతుంది. పైగా అంత పొడవు పంట కోసేసరికి యాసంగి నార్లు వెనకబడతాయి. యాసంగి వెనకబడితే వరి ఏప్రిల్ ఎండలకు చిక్కుతుంది. పూత సమయంలో వేడి 35 డిగ్రీలు దాటితే తాలు పెరుగుతుంది. గింజ పాలుపోసుకునే రోజుల్లో ఎండ ముదిరితే పిండి సరిగా సర్దుకోక గింజ మధ్యలో తెల్లమచ్చ పడుతుంది. మరలో గింజ విరిగేది ఆ మచ్చ దగ్గరే.

ఉప్పుడు బియ్యం చేస్తే ఆ పగుళ్లు అతుక్కుంటాయి కాబట్టి ఏళ్ల తరబడి యాసంగి వడ్లు అటే పోయాయి. 2021లో ఇక ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం చెప్పినప్పుడు ఈ నూక సమస్య రాష్ట్రమంతా మాట్లాడుకునే విషయమైంది. ఇంకోవైపు 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాకు 500 రూపాయల బోనస్ వచ్చింది. కాబట్టి నేనైతే ఈ ప్రాంతానికి ఇలా రాసుకుంటాను: 120 నుంచి 125 రోజుల సన్న రకం, రెండు కాలాలకూ పనికిరావాలి, యాసంగిలో పచ్చి బియ్యంగా పట్టించినా నూక తక్కువ ఉండాలి, హార్వెస్టర్ వచ్చేదాకా పడిపోకుండా నిలబడాలి, అగ్గితెగులును తట్టుకోవాలి. డిసెంబర్, జనవరి చలికి నారు ఎర్రబడి ఆగిపోకూడదు. ఇంతకన్నా ఎక్కువ కోరికలు పెట్టుకుంటే ఏదీ తీరదు.

రెండో అడుగు: తల్లిదండ్రుల ఎంపిక

ఒకటి ఈ ప్రాంతం వాళ్లు ఇష్టపడే రకం కావాలి. రెండోది మీ జాబితాలో మొదటిదానికి లేని గుణం ఇచ్చేది. తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, ఎలా పుట్టిందో చూస్తే ఈ ఆలోచన అర్థమవుతుంది. రైతులకు బాగా తెలిసిన ఎంటీయూ 1010ను జగిత్యాల సన్న రకం జేజీఎల్ 3855తో కలిపారు. 2015లో విడుదలైన ఆ రకం సన్నగింజ, తక్కువ కాలం, అగ్గితెగులును తట్టుకునే గుణం మూడింటినీ ఒకచోటికి తెచ్చింది.

తెగుళ్లను తట్టుకునే గుణం ఇచ్చే రకాలు, అంటే దాతలు, చాలా ఉన్నాయి. అగ్గితెగులుకు టెటెప్, దోమపోటుకు పీటీబీ 33 పాతకాలం నుంచి వాడుతున్నవి. వీటితో ఇబ్బంది ఏమిటంటే మంచి జన్యువుతో పాటు ముతక గింజ, పొడవు కాండం లాంటివి కూడా వెంట వస్తాయి. వాటిని వదిలించుకోవడానికి మళ్లీ మళ్లీ మంచి రకంతోనే కలపాల్సి వస్తుంది. కాబట్టి వీలైతే ఆ జన్యువు అప్పటికే మంచి రకంలో కూర్చున్న దాతను వెతకండి. ఎండాకు తెగులుకు అలాంటిది మన పక్కనే ఉంది. భారత వరి పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి సాంబ మసూరిలోకి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు జన్యువులను చేర్చి తెచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అది.

విత్తనం అడిగి తెచ్చుకునేటప్పుడు పదార్థ బదిలీ ఒప్పందం, అంటే ఆ విత్తనాన్ని ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే కాగితం మీద సంతకం ఉండాలి. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ దగ్గర, జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో ప్రాంతీయ కేంద్రం దగ్గర అడగొచ్చు. కాగితం లేకుండా తెచ్చిన పదార్థంతో చేసిన రకం పదేళ్ల తర్వాత విడుదల గడప దగ్గర ఆగిపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

మూడో అడుగు: సంకరం

తల్లి, తండ్రి ఒకేసారి పూతకు రావాలి. 150 రోజుల రకాన్ని, 120 రోజుల రకాన్ని ఒకే రోజు చల్లితే కలవవు. పొట్టి కాలం రకాన్ని వారం, పది రోజుల తేడాతో మూడు నాలుగు దఫాలుగా చల్లండి, ఏదో ఒకటి సరిపోతుంది.

కంకి సగానికి కొంచెం పైగా బయటికి వచ్చిన పిలకను తల్లిగా ఎంచుకోండి. సాయంత్రం నాలుగు దాటాక పని మొదలుపెట్టండి. కంకి కొసన అప్పటికే పూసిన గింజల్ని, అడుగున మరీ లేతవాటిని కత్తిరించి పారేయండి. మధ్యలో ముప్పై నుంచి యాభై దాకా ఉంచితే చాలు. ఒక్కో గింజ పైభాగంలో మూడో వంతును చిన్న కత్తెరతో ఏటవాలుగా కత్తిరించండి. లోపల ఆరు పుప్పొడి తిత్తులు లేత పసుపురంగులో కనిపిస్తాయి. సన్న పట్టకారుతో ఆరింటినీ తీయాలి. ఒక్కటి మిగిలినా ఆ గింజ సొంత పుప్పొడితోనే కడుతుంది. చాలా కేంద్రాల్లో ఇప్పుడు చిన్న వాక్యూమ్ పంపుతో పీలుస్తున్నారు, పని త్వరగా అవుతుంది. అయిపోగానే బటర్ పేపర్ సంచి తొడిగి పిన్ను పెట్టండి.

మరునాడు ఉదయం తొమ్మిదిన్నర, పదకొండు మధ్య తండ్రి మొక్క పూస్తుంది. పూస్తున్న కంకిని జాగ్రత్తగా కోసి తెచ్చి, తల్లి కంకి మీద సంచి పైభాగం తెరిచి లోపల మెల్లగా దులపండి. సంచి మళ్లీ మూసి, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ రాసిన ట్యాగ్ కట్టండి. పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా మంచుకు కారిపోతుంది. వారంలోపే కత్తిరించిన పొట్టులోంచి పచ్చటి గింజ పైకి కనిపిస్తుంది. సుమారు 25 రోజులకు పండుతుంది. పైన పొట్టు లేని గింజ కాబట్టి తేలిగ్గా బూజు పడుతుంది, బాగా ఆరబెట్టి దాచుకోవాలి.

నాలుగో అడుగు: మొదటి తరం, రెండో తరం

సంకరం గింజల నుంచి మొలిచేవి మొదటి తరం, వాటి గింజల నుంచి వచ్చేవి రెండో తరం. మొదటి తరం మొక్కలు నిజంగా సంకరమేనా అని తేల్చుకోవాలి. తల్లిలాగే ఉన్న మొక్క వస్తే అది సొంతంగా కట్టిన గింజే, పీకేయండి. సౌకర్యం ఉంటే డీఎన్‌ఏ మార్కర్లతో చూస్తే అనుమానం ఉండదు.

అసలు వైవిధ్యమంతా బయటపడేది రెండో తరంలో. ఇక్కడ పొదుపు చేయకూడదు. లెక్క చూడండి: మూడు వేర్వేరు జన్యువులు మనకు కావలసిన రూపంలోనే స్థిరంగా ఉన్న మొక్క రెండో తరంలో 64లో ఒకటి మాత్రమే వస్తుంది. రెండు వేల మొక్కలు నాటితే అలాంటివి ముప్పై చిల్లర. వాటిలోనే ఎత్తు, కాలం, గింజ కూడా నచ్చాలి. రెండు వందల మొక్కలతో మొదలుపెడితే మూడు దొరుకుతాయి, మిగతావి చూసుకునే అవకాశమే ఉండదు.

కుదురుకు ఒక్క మొక్క చొప్పున, 20 సెంటీమీటర్లకు 15 సెంటీమీటర్ల దూరంలో నాటండి. ఈ తరంలో ఒక్క మొక్కను చూసి దిగుబడి ఎంచడానికి ప్రయత్నించకండి. గట్టు పక్కన ఉన్నదో, పేడ కుప్ప పడిన చోట ఉన్నదో ఎక్కువ పిలకలు వేస్తుంది, అది జన్యువుల గొప్ప కాదు. ఎత్తు, పూత కాలం, గింజ సన్నదనం, కాండం గట్టిదనం లాంటివి మాత్రం ఒక్క మొక్కలోనూ తెలుస్తాయి, వాటి మీదే ఏరండి.

ఐదో అడుగు: మూడో తరం నుంచి ఆరో తరం దాకా

ఒక జన్యువుకు తల్లి రూపం, తండ్రి రూపం రెండూ ఒకే మొక్కలో ఉండటాన్ని ఇక్కడ కలుపుగుణం అంటున్నాను. ఒక్కో తరానికి అది సగం తగ్గుతుంది. రెండో తరంలో 50 శాతం ఉన్నది ఆరో తరానికి 3 శాతం చిల్లరకు దిగుతుంది. అప్పుడు ఆ వరుస మొక్కలన్నీ ఒక్కతీరుగా కనిపిస్తాయి. ఎంచుకున్న ఒక్కో మొక్క విత్తనాన్ని ఒక్కో వరుసగా వేసి, మంచి వరుసల్లోంచి మంచి మొక్కల్ని తీస్తూ పోవడమే పద్ధతి.

మనకు రెండు పంటలు పండుతాయి కాబట్టి ఏడాదికి రెండు తరాలు దాటించవచ్చు. గోధుమ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో గోధుమను ఇలాగే ఏడాదికి రెండు తరాలు తీసుకుంటూ ఒబ్రెగాన్, టొలూకా అనే రెండు వేర్వేరు చోట్ల పండించాడు. తొందర కలిసి రావడమే కాదు, రెండు వాతావరణాల్లోనూ నిలిచే మొక్కలు మిగిలాయి. మనకూ ఆ లాభం ఉంది. వానాకాలంలో తెగుళ్లకు తట్టుకున్నవి, యాసంగిలో చలికీ ఎండకూ తట్టుకున్నవి రెండు వైపుల నుంచీ వడబోతకు వస్తాయి. గదుల్లో ట్రేలలో మొక్కకు ఒక్క గింజ చొప్పున తీసుకుంటూ ఏడాదికి మూడు నాలుగు తరాలు దాటించే పద్ధతి కూడా ఉంది. త్వరగానే అవుతుంది కానీ పొలంలో కంటితో ఏరే అవకాశం అక్కడ పోతుంది. యాసంగి ఎండే మీ ప్రధాన పరీక్ష అయినప్పుడు కనీసం రెండు తరాలు పొలంలో ఆ ఎండకు పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

ఇదే దశలో తెగుళ్ల పరీక్ష కూడా మొదలవ్వాలి. అగ్గితెగులు మడిలో పరీక్షించే వరుసల చుట్టూ తెగులుకు సులభంగా లొంగే రకాన్ని దట్టంగా వేసి, రాత్రిళ్లు తేమ నిలిచేలా చూస్తారు. చుట్టూ ఉన్నది మాడిపోయినా లోపలి వరుస పచ్చగా ఉంటేనే దానికి మార్కులు. స్కోరు 0 నుంచి 9 దాకా, తక్కువైతే మంచిది. చుట్టూ వేసిన రకానికే తెగులు రాకపోతే ఆ ఏడాది ఫలితం చెల్లదు. దోమపోటుకు ట్రేలలో నారు మీద దోమల్ని వదిలి, లొంగే రకం టీఎన్1 చచ్చేదాకా ఆగి అప్పుడు మిగతావి చూస్తారు.

ఆరో అడుగు: మిల్లు, వంట

నాలుగో తరంలోనే ఇది మొదలుపెట్టమంటాను. అప్పటికి ఒక్కో వరుసకు కిలో వడ్లు వస్తాయి, పరీక్షకు వంద గ్రాములు చాలు.

వడ్లను నీడలో ఆరబెట్టి తేమ 14 శాతం దగ్గరికి తీసుకురండి. ఎండలో పరిస్తే గింజ పగిలి మంచి రకం కూడా చెడ్డగా కనిపిస్తుంది. అన్ని నమూనాలూ ఒకే తేమలో, ఒకే యంత్రం మీద, ఒకే సమయం పాలిష్ చేయాలి. తర్వాత బియ్యాన్ని నల్లటి పళ్లెంలో పోసి నిండు గింజల్ని, నూకను వేరు చేయండి. గింజ పొడవులో ముప్పావు వంతు, ఆపైన ఉన్నవాటిని నిండు బియ్యంగానే లెక్కిస్తారు. నల్లటి పళ్లెంలో తెల్లమచ్చ గింజలు కూడా తెలిసిపోతాయి, వాటిని విడిగా లెక్కపెట్టి రాసుకోండి. ప్రతి పది నమూనాల మధ్య బీపీటీ 5204ను, ఎంటీయూ 1010ను ఒక్కోసారి పెట్టండి. అవి తప్పు చూపిస్తే యంత్రంలోనే తేడా ఉన్నట్టు.

ఈ అంకెలు ఎందుకంత ముఖ్యమంటే, ప్రభుత్వానికి బియ్యం ఇచ్చే మిల్లు క్వింటా వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పజెప్పాలి. పచ్చి బియ్యంలో నూకకు ఏళ్ల తరబడి 25 శాతమే హద్దు. మీ రకం యాసంగిలో ఆ గీత దాటితే మిల్లర్లు దాన్ని మళ్లీ అడగరు.

గింజ కొలత కూడా అప్పుడే చూడండి. పొడవు 6 మిల్లీమీటర్ల లోపు ఉండి, పొడవును వెడల్పుతో భాగిస్తే 2.5 నుంచి 3 మధ్య వస్తే మధ్యస్థ సన్నం. సాంబ మసూరి ఈ తరగతిదే, మన ఇళ్లలో ఇష్టపడేదీ ఇదే. బియ్యపు పిండిలో ఉండే అమైలోజ్ అనే పదార్థం 20 నుంచి 25 శాతం మధ్య ఉంటే అన్నం పొడిగా, మెత్తగా వస్తుంది. అంతకన్నా ఎక్కువైతే చల్లారాక గట్టిపడుతుంది.

ల్యాబ్ అంకెల తర్వాత వండి తినాలి. రకాల పేర్లు చెప్పకుండా గిన్నెలకు అంకెలు వేసి పెట్టండి. వేడిగా ఒకసారి, రాత్రికి మిగిలిన అన్నాన్ని పొద్దున మరోసారి తినిపించి అడగండి. పొలం పనికి సద్ది కట్టుకుపోయే ఇళ్లలో ఆ రెండో జవాబే లెక్కలోకి వస్తుంది.

ఏడో అడుగు: దిగుబడి పరీక్ష

స్థిరపడిన వరుసలు ఇరవై, ముప్పై మిగిలాక మొదట చిన్న పోటీ, తర్వాత గట్టి పోటీ. ప్రతి రకాన్ని కనీసం మూడు మడుల్లో, ఏ మడి దేనికో చీటీలు తీసి నిర్ణయించి వేయాలి. నచ్చిన రకానికి మంచి మడి ఇవ్వాలనే కోరిక ఎవరికైనా ఉంటుంది, చీటీలు ఉన్నది అందుకే.

ఒకే కాలపు రకాల్నే ఒకచోట పెట్టండి. అందరికన్నా ముందు పండే రకం ఒంటరిగా పడితే ఊరి పిట్టలు, ఎలుకలు మొత్తం దాని మీదే పడతాయి. పాపం ఆ రకం దిగుబడి తక్కువని రాసేస్తాం. పక్కన పొడవు రకం ఉంటే నీడ పడుతుంది. అందుకని చుట్టూ వరుసలు వదిలి మధ్యలోని మడినే కోయాలి.

లెక్క ఇలా చేస్తారు. మధ్యలో కోసింది 10 చదరపు మీటర్లు, వచ్చిన వడ్లు 6.2 కిలోలు, తేమ 18 శాతం అనుకుందాం. 6.2ను 82తో గుణించి 86తో భాగిస్తే 14 శాతం తేమ దగ్గర 5.91 కిలోలు. హెక్టారుకు 5,910 కిలోలు, ఎకరానికి దాదాపు 24 క్వింటాళ్లు. తేమ సరిచేయకుండా పోల్చితే ఆలస్యంగా పండిన రకం అకారణంగా గెలుస్తుంది.

తర్వాత కీలక భేదం చూడాలి, అంటే రెండు రకాల మధ్య తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి కనీసం ఉండాల్సిన తేడా. అది 450 కిలోలని తేలితే, మీ రకం చెక్ (పోల్చడానికి పక్కన వేసిన రకం) కన్నా 300 కిలోలు ఎక్కువ ఇచ్చినా రెండూ సమానమనే రాయాలి. రాయడానికి మనసు ఒప్పదు, అయినా అంతే రాయాలి. చెక్ కూడా రైతులు నిజంగా వేస్తున్న బలమైన రకమే కావాలి. ఎప్పుడో వదిలేసిన పాత రకాన్ని ఓడించి సాధించేది ఏమీ లేదు.

యూరియా సిఫార్సు మోతాదు ఒకటి, దానికి ఒకటిన్నర రెట్లు మరొకటి, రెండింటిలోనూ పరీక్షించండి. రైతులు ఎక్కువే వేస్తారు, అక్కడే పడిపోవడమూ దోమా బయటపడతాయి. నాటు పద్ధతితో పాటు వెదజల్లే పద్ధతిలో కూడా ఒక పరీక్ష ఉండాలి.

ఎనిమిదో అడుగు: బయట పరీక్షలు

ఒక్క చోట గెలిచినది రకం కాదు. కంపాసాగర్, రాజేంద్రనగర్, జగిత్యాల, వరంగల్ లాంటి వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన స్థానాల్లో నడిచే పరీక్షలతో పాటు మన వైపు తేడాలు కూడా చూడాలి. మిర్యాలగూడ కాలువ నీళ్లు, దేవరకొండ వైపు బోర్ల నీళ్లు, గద్వాల, వనపర్తి దగ్గర జూరాల ఆయకట్టు ఒకటి కావు. అక్కడక్కడా చౌడు నేలలు కూడా ఉన్నాయి.

జాతీయ స్థాయిలో 1965లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన అఖిల భారత సమన్వయ వరి పథకం ఉంది. మొదటి ఏడు ప్రాథమిక పరీక్ష, తర్వాత రెండేళ్లు పై పరీక్షలు. రకానికి పేరు ఉండదు, కోడ్ అంకె మాత్రమే. ఏది ఎవరిదో పండించేవాళ్లకు తెలియదు, ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది అదే.

రాష్ట్ర విడుదలకు రైతులకు చిన్న విత్తన సంచులిచ్చి వాళ్ల పొలాల్లో చేసే మినీకిట్ పరీక్షలు కావాలి. ఇక్కడ ఒక చిన్న విషయం ఫలితాన్ని తారుమారు చేస్తుంది. కొత్త రకానికి తాజా విత్తనం ఇచ్చి, పోల్చే రకానికి రైతు ఇంట్లో దాచిన పాత విత్తనం వేయిస్తే కొత్తది గెలుస్తుంది. ఆ గెలుపు మొలక బలానిది. రెండు సంచులూ మీరే, ఒకే నాణ్యతతో ఇవ్వండి. కోత తర్వాత రైతును "బాగుందా" అని అడగకండి, మర్యాదకు బాగుందంటారు. "వచ్చే ఏడు సొంత డబ్బుతో ఎన్ని ఎకరాలు వేస్తావన్నా?" అని అడగండి. ఆ జవాబు, కాంటా దగ్గర వచ్చిన ధర, మిల్లు వాళ్ల మాట మూడూ రాసుకోండి.

పరిశోధన స్థానం లేకుండా కూడా రకాలు పుట్టాయి. మన దుకాణాల్లో అమ్మే హెచ్‌ఎంటీ బియ్యం మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే తన పొలంలో తేడాగా కనిపించిన కంకులను విడిగా పండించి తెచ్చిన రకమే. వరి తనలో తాను పరాగం కలుపుకునే పంట కాబట్టి అది సాధ్యమైంది. పాలెం పరిశోధన స్థానంలో పని జరిగే ఆముదం, కంది లాంటి పంటల్లో పక్క చేను పుప్పొడి కలిసిపోతుంది, అక్కడ దూరం పాటించకుండా ఎంపిక నిలబడదు.

తొమ్మిదో అడుగు: కాగితాలు

పరీక్షల వివరాలన్నీ కలిపి ప్రతిపాదన రాష్ట్ర రకాల విడుదల కమిటీ ముందుకు గానీ, జాతీయ పరీక్షల దారిలో వస్తే గుర్తింపు కమిటీ ద్వారా కేంద్ర ఉపసంఘానికి గానీ పోతుంది. విడుదల అయినంత మాత్రాన చాలదు. 1966 విత్తనాల చట్టం ఐదో సెక్షన్ కింద నోటిఫై అయితేనే ఆ రకం విత్తనానికి ధ్రువీకరణ ఇస్తారు. 2001 మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం కింద నమోదు వేరే పని. రకం ప్రత్యేకంగా, ఒక్కతీరుగా, స్థిరంగా ఉందని అక్కడ నిరూపించాలి. వరికి రక్షణ 15 ఏళ్లు. రైతులు తరతరాలుగా కాపాడిన, తాము ఎంచి తెచ్చిన రకాలను కూడా ఇందులో నమోదు చేసుకోవచ్చు, ఆ హక్కు మన దగ్గర ఇంకా చాలామందికి తెలియదు.

పదో అడుగు: విత్తనం చెడిపోకుండా

విడుదల నాటికే మూల విత్తనం సిద్ధంగా ఉండాలి. నమూనాకు సరిపోయే కంకులను కొన్ని వందలు ఏరి, కంకికి ఒక వరుస చొప్పున వేస్తారు. ఎత్తులో, పూత తేదీలో, గింజ రంగులో ఏ వరుసలో తేడా కనిపించినా ఆ వరుస మొత్తం తీసేసి, మిగిలినవి కలుపుతారు. దాని నుంచి బ్రీడర్ విత్తనం, దాని నుంచి ఫౌండేషన్, దాని నుంచి సర్టిఫైడ్ విత్తనం వస్తాయి. సంచి మీది ట్యాగ్ రంగు చూసి గుర్తుపట్టొచ్చు: బ్రీడర్‌కు బంగారు పసుపు, ఫౌండేషన్‌కు తెలుపు, సర్టిఫైడ్‌కు నీలం. వేరే రకం వరి నుంచి మూడు మీటర్ల దూరం ఉండాలి. సర్టిఫైడ్ విత్తనానికి మొలక కనీసం 80 శాతం ఉండాలి, తేమ 13 శాతం దాటకూడదు. హార్వెస్టర్ మీ పొలంలో దిగే ముందు దాన్ని పూర్తిగా శుభ్రం చేయించండి. అంతకుముందు కోసిన చేలోని గింజలు లోపలే ఉండిపోయి, మొదటి సంచుల్లోకి వచ్చి పడతాయి.